పలక ఎత్తి చూపిన పెద్దమనిషి

చచ్చినోడి కండ్లు చారెడని మా వైపు సామెత. పోయినవారికి లేని గొప్పలు అంటగడుతుంటే ముసలమ్మలు ఆ మాట అంటారు. పోయిన నెల నాకు గుంటూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఫలానా రచయితగారు పరమపదించారు, తొంభై దాటి నిండుగా బతికారు, ఆయన స్మారక సంచిక వేస్తున్నాం, ఆ రోజుల్లో మార్కాపురంలో ఆయన ఉపన్యాసాలు దగ్గరుండి విన్నవారిలో మీరే మిగిలారని తెలిసింది, ఆయన తమ పుస్తకంలో రాసుకున్న ఆ మరపురాని సాయంత్రం గురించి ఒక తీపి జ్ఞాపకం రాసి పంపండి, రెండు పేజీలు మించకూడదు అని.

ఆ సాయంత్రాన్ని నేనూ మరిచిపోలేదు. అది తీపి జ్ఞాపకమని వాళ్లకు ఎవరు చెప్పారో మరి.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. యుద్ధం రోజులు. నాకు ఇరవై రెండేళ్లు, ఆడపిల్లల బడిలో చిన్న పంతులమ్మను. మా నాయన ఊళ్లో రీడింగ్ రూముకు కార్యదర్శి. ఎవరు ఉపన్యాసానికి వచ్చినా మా ఇంట్లోనే దిగేవారు. ఈయన వరసగా మూడేళ్లు వచ్చారు. ప్రతిసారీ మూడు రోజులు, మూడు ఉపన్యాసాలు. మొదటి రోజు పఠనం, రెండో రోజు ఆనందం, మూడో రోజు స్త్రీల జీవితం. దొనకొండలో మొదలుపెట్టి, మా ఊరు, కంభం, గిద్దలూరు, రైలు ఆగిన చోటల్లా ఆ మూడే చెప్పుకుంటూ పోయేవారు.

రైలు స్టేషను మా ఊరికి దూరం. జట్కాలో వచ్చేవారు. జట్కా మా గుమ్మం ముందు ఆగినా ఆయన దిగేవారు కాదు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్న మనిషి, నలభై అయిదేళ్లుంటాయి, ఎవరో ఒకరు వచ్చి చెయ్యి ఇచ్చేదాకా అట్లాగే కూర్చునేవారు. నాయన చెయ్యి ఇస్తే దిగి, ఉత్తరీయం సర్దుకుని, వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి చూసి, "ఎంత ప్రశాంతమైన ఊరండీ మీది" అనేవారు. మాది పలకల ఊరు. మా వీధిలోనే పలకలు చేసే కొట్టాలు నాలుగు. తెల్లారింది మొదలు ఉలితో రాయి చీల్చే చప్పుడు, ఇసకా నీళ్లూ పోసి పలక రుద్దే చప్పుడు, చెవులు గింగుర్లెత్తేవి. ఆ మోతలో నిలబడి ప్రశాంతమైన ఊరు అనగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆయన చెవులు మనం చప్పట్లు కొడితేనే పనిచేసేవి.

రోజుకు రెండుసార్లు వేన్నీళ్ల స్నానం చేసేవారు. మా ఇంటి బావిలో ఉప్పునీళ్లు. ఆ నీళ్లు ఒంటికి పడవని మొదటి రోజే చెప్పేశారు. మంచినీళ్ల బావి ఊరి బయట ఉండేది. అమ్మా నేనూ బిందెలతో మోసేవాళ్లం. మొదటి ఏడు, పఠనం మీద ఉపన్యాసంలో, "ఓ పురుషులారా, మీ ఇల్లాలికి రోజుకు ఒక్క గంట తీరిక ఇవ్వండి. ఆ గంటలో ఆమె చేతికి ఒక పుస్తకం ఇవ్వండి" అని చేతులు జోడించి బతిమాలారు. జనం కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, అబద్ధం ఎందుకు. ఆ గంటలో అమ్మ సభకు రాలేదు. ఆయన రెండో స్నానానికి నీళ్లు తెస్తూ ఉంది. నాకు అప్పుడు తట్టలేదు, ఇంటికి వచ్చి అమ్మ భుజం మీద తడి చూశాక తట్టింది.

గొంతు మాత్రం దేవుడిచ్చిన గొంతు. అది ఒప్పుకోవాలి. మైకులు లేని రోజుల్లో బడి ఆవరణ చివర గోడ మీద కూర్చున్నవాళ్లకు కూడా గుసగుస వినిపించేట్టు మాట్లాడేవారు. మంచి మాట వచ్చినప్పుడు కుడిచెయ్యి పైకెత్తి, రెండు వేళ్లు కలిపి, కళ్లు మూసుకునేవారు. అది చప్పట్లకు గుర్తు. చప్పట్లు మొదలయ్యాక కళ్లు తెరిచేవారు. ఆలస్యమైతే ఎడమ కన్ను కొంచెం తెరుచుకునేది. వాళ్లమ్మ పేరు ఎత్తగానే ఉత్తరీయం కొస ఆ ఎడమ కంటికే పోయేది. రెండో ఏడు నేను మా పిన్నమ్మను చూడటానికి గిద్దలూరు పోయి, అక్కడ కూడా ఆయన సభకు వెళ్లాను. అదే వేళ్లు, అదే కన్ను, అదే మాట దగ్గర అదే కొస. ఇంటికొచ్చి నాయనతో చెప్తే, "అట్లనొద్దమ్మాయ్. హరికథ చెప్పేవాడు మాత్రం ప్రతి ఊళ్లో కొత్త సీతమ్మను తెస్తాడా ఏంది" అన్నాడు. నాయనకు ఆయనంటే అంత గురి.

ఆ గురికీ ఒక పరీక్ష వచ్చింది. మా రీడింగ్ రూములో ఆయన పుస్తకాలు నాలుగుండేవి. ఊళ్లోకి వచ్చిన మొదటి సాయంత్రమే అక్కడికి పోయి, మిగతా బీరువా వంక చూడకుండా ఆ నాలుగూ తీసి, అంచులు నలిగాయా లేదా అని వేలితో రాసి చూసుకునేవారు. కొత్తగా ఉంటే ఏమీ అనేవారు కాదు, నాయన మొహం వంక చూసేవారు. మూడో ఏడు వస్తున్నారని ఉత్తరం రాగానే నాయన నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ నాలుగు పుస్తకాలు కాస్త నలుపు" అన్నాడు. అమ్మా నేనూ వసారాలో కూర్చుని పొద్దుగూకేదాకా పేజీలు తిప్పాం. అమ్మకు చదువు రాదు. "చదవడమంటే ఇదేనంటే నేనెప్పుడో నేర్చుకుందును కదే" అంది. ఆయన వచ్చి ఆ అంచులు చూసుకుని, "మీ ఊరి స్త్రీలు బాగా చదువుతున్నారండీ" అన్నారు. నాయన తల వంచుకున్నాడు.

ఆయన చేతిలో నేనెప్పుడూ పుస్తకం చూడలేదు. మా ఇంట్లో ఉన్న తొమ్మిది రోజుల్లోనూ ఒక్క పేజీ చదవగా చూడలేదు. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మిరియాల పాలు, ఆ తర్వాత వచ్చినవాళ్లతో కబుర్లు. ఒకసారి పాలు అందిస్తూ అడిగాను, "మీ ఇంట్లో అమ్మగారు మీ పుస్తకాలన్నీ చదివేస్తారా అండీ" అని. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. పాలు ఊదుకుంటూ, "ఆవిడకు తీరిక ఎక్కడిదమ్మా" అన్నారు.

ఏదైనా గట్టి ప్రశ్న వేస్తే ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. తల ఊపి, నవ్వి, "ప్రశ్నలోనే జవాబు ఉందమ్మా" అనేవారు. వేసినవాళ్లు అమ్మో ఎంత లోతు అనుకుంటూ పోయేవారు. ఆ లోతులో నీళ్లు లేవని తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇక వదిన సంగతి చెప్పాలి. దాని కోసమే ఇదంతా.

వదిన మా పక్కింటి కోడలు. చుట్టరికం లేదు, కానీ మా ఊళ్లో చుట్టరికం లేని పిలుపు లేదు. వాళ్లది పలకల కొట్టం. వాళ్లాయన ఏడాదిలో ఒకసారి రైలు పెట్టె నిండా పలకలు వేసుకుని మద్రాసు పోయి, అన్నీ అమ్మి నాలుగైదు నెలలకు వచ్చేవాడు. చెడ్డవాడని అనను. కోపం వస్తే చెయ్యి చేసుకునేవాడు, కోపం తరచుగా వచ్చేది. కొట్టానికి పెద్ద మాత్రం ఆమె బావగారు, అంటే వాళ్లాయన అన్న. ఆయన మాట ఆ ఇంట్లో తిరుగులేని మాట.

రచయితగారి మొదటి ఉపన్యాసం విన్న వేడిలో నేను మధ్యాహ్నం పూట పెళ్లయిన ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టాను. దానికి ఆయనే కారణం, కాదనను. ఎనిమిది మంది వచ్చేవాళ్లు. వదిన వాళ్లలో చురుకు. కాస్త రాత వస్తే పలకల పెట్టెల మీద ఊళ్ల పేర్లు రాయడానికి పనికొస్తుందని ఇంట్లో ఒప్పుకున్నారు. పెట్టెల మీద పేర్లు రాసే చదువు ఆమెకు ఆరు నెలల్లో వచ్చేసింది. రెండేళ్లలో నేను చదివిన పుస్తకాలన్నీ చదివి, "ఇంకేమున్నాయి పంతులమ్మా నీకాడ" అని అడిగేది. ఎనిమిదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టవచ్చు, అది గట్టెక్కితే ట్రైనింగు బడిలో చేరవచ్చు, ఆ తర్వాత నాలాగే పంతులమ్మ కావచ్చు అని చెప్పాను. ఆ మాట విన్న రోజు ఆమె మా వసారాలో స్తంభం పట్టుకుని ఎంతసేపు నిలబడిందో. ఫారం తెప్పించాను. వాళ్లాయన మద్రాసు నుంచి రాగానే, సరుకు బాగా అమ్ముడై మనసు బాగున్న రోజు చూసి నాయన మాట్లాడి ఒప్పించాలని మా ముగ్గురి మధ్య ఒప్పందం. ఆమె బతుకంతా ఆ ఒక్క ఫారం మీద పెట్టుకుని ఉంది.

మూడో ఏడు రచయితగారు కొత్త పద్ధతి ఒకటి తెచ్చారు. మూడో రోజు సభలో స్త్రీలు తమ మనసులో ప్రశ్నలు పేర్లు లేకుండా చీటీల మీద రాసి పంపాలి, ఆయన చదివి జవాబు చెబుతారు. బాగానే ఉంది. కానీ యుద్ధం కాలంలో కాగితం ఎక్కడిది? పిల్లలకు పరీక్ష పెట్టడానికే కాగితం లేదు. మా ఊళ్లో లేనిది కాగితం, ఉన్నది పలక. మా మధ్యాహ్నం తరగతి ఆడవాళ్లు ఎవరి పలక మీద వాళ్లు బలపంతో ప్రశ్న రాసుకుని తెచ్చారు.

పలకల ఊరికి బయటివాళ్లకు ఒక సంగతి తెలియదు. రాయి ఎవరిదైనా ఒకటే, చుట్టూ బిగించే చెక్క చట్రం మాత్రం ఎవరి కొట్టానిది వారిదే. ఒకరు మూలకు రేకు కొడతారు, ఒకరు రెండు మేకులు వేస్తారు, ఒకరు అంచు గుండ్రంగా చెక్కుతారు. వదిన వాళ్ల కొట్టంలో మూలలకు రాగి తీగె చుట్టేవాళ్లు. మా ఊళ్లో అయిదేళ్ల పిల్లవాడు కూడా అంత దూరం నుంచి చట్రం చూసి ఏ ఇంటి పలకో చెప్పేస్తాడు. బడి పలకలు పంచి రాయించి ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆ ఆలోచన నాకు రాలేదు. పొద్దున ఆ ఎనిమిది పలకలూ మా ఇంట్లో బల్ల మీద పెట్టుకున్నాక గానీ చట్రాల సంగతి తట్టలేదు. తిరిగి రాయించే వ్యవధి లేదు. అన్నీ ఒక దుప్పటిలో చుట్టి, సభకు ముందు రచయితగారి దగ్గరికి పోయాను.

"అయ్యా, ఒక మనవి. పలక దుప్పటి మడతలోనే ఉంచి చదవండి. చదివి తుడిచేయండి. పైకి మాత్రం ఎత్తొద్దు. మా ఊళ్లో చట్రం చూస్తే ఇల్లు తెలిసిపోతుంది" అన్నాను.

"ఎలా తెలుస్తుందమ్మా?" అని ఆసక్తిగా అడిగారు. అంతా చెప్పాను. మేకులు, రేకులు, తీగె, అన్నీ. ఆయన కళ్లు మెరిశాయి. "ఎంత అందమైన విషయం చెప్పావమ్మా" అన్నారు. నా మనసు కుదుటపడింది. మర్చిపోకుండా ఉంటారు, అంత శ్రద్ధగా విన్నారు కదా అనుకున్నాను.

బడి ఆవరణలో మగవాళ్లు, లోపల తరగతి గదిలో ఆడవాళ్లం, మధ్య కిటికీకి చీర తెర. నా పక్కనే వదిన. మొదటి పలక, పిల్లలకు చదువు మీద ఇష్టం ఎట్లా కలుగుతుంది అని. దానికి ఏదో చెప్పారు. రెండోది, ఆడవాళ్లు మొదట ఏ పుస్తకం చదవాలి అని. దానికి తమ పుస్తకం పేరు చెప్పారు. మూడోది తీసి, లోపల చదువుకుని, ఆగారు. తర్వాత పైకి చదివారు.

"మా ఇంటాయన సరుకుతో పట్నం పోయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలలు నాకు కంటినిండా నిద్ర పట్టింది. పుస్తకాలు చదువుకున్నాను. మీరు నిన్న చెప్పిన ఆనందం ఇదేనా? ఆయన వచ్చినాక ఇది ఉంటుందా?"

ఆవరణలో నవ్వులు లేచాయి. అక్కడ ఆగి తుడిచేసి ఉంటే అది నవ్వుతోనే పోయేది. పట్నం పోయే మగవాళ్లు మా ఊళ్లో ఇరవై మంది ఉంటారు. కానీ చేతికి చిక్కిన నవ్వును వదులుకునే మనిషి కాదాయన. కుడిచెయ్యి లేచింది, ఆ చేతిలో పలక ఉంది.

"ఈ ఊరి రహస్యం నాకు ఈ రోజే తెలిసింది. చట్రం చూస్తే ఇల్లు తెలుస్తుందట. ఇది ఏ ఇంటి పలకో నాకు తెలియదు. మీకు తెలిసే ఉంటుంది. ఆ ఇంటి ముత్యాల్లాంటి అక్షరాలకు నా నమస్కారం."

వేళ్లు కలిశాయి. కళ్లు మూసుకున్నారు.

వదిన నా మణికట్టు పట్టుకుంది. "పంతులమ్మా, అది మా తీగె" అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు.

చప్పట్లు రాలేదు. ఎడమ కన్ను తెరుచుకుంది. మూడో వరసలో వదిన వాళ్ల బావగారు లేచి, కండువా భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. రచయితగారు ఆయన్ని చూపించి, "చూశారా, ఒక సోదరుడు కన్నీళ్లు ఆపుకోలేక వెళ్లిపోతున్నాడు" అన్నారు. ఆవరణలో గుసగుసలు గోలయ్యాయి. జవాబు కోసం వదిన తెర దాకా వంగింది. ఆయన పలక దించి, తల ఊపి, "ప్రశ్నలోనే జవాబు ఉందమ్మా" అని నాలుగో పలక తీశారు.

దీపాలు పెట్టే వేళకు బావగారు మా వసారాలోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అరవలేదు కూడా.

"మామా, నువ్వు పెద్దోడివి, నిన్ననేది ఏమీ లేదు. మా కొట్టంలో ముప్పైమంది పని చేస్తాండారు. రేపు నా తమ్ముడొస్తే వాళ్ల ముందర ఏ మొగం పెట్టుకొని నిలబడాల? వాడు లేకుంటే దానికి నిద్ర పట్టిందంట. ఊరంతా విన్నారు."

"తప్పు మాదే నాయనా. ఆ పిల్ల పేరు రాయలేదు, ఎవరినీ అనలేదు. ఆ పలక ఎత్తడమే జరగకూడనిది" అన్నాడు నాయన.

"ఎత్తినాయన ఏడీ? ఆయనతో ఒక మాట మాట్లాడి పోతా."

నేను లోపలికి పోయాను. రచయితగారు మంచం మీద కూర్చుని మిరియాల పాలు తాగుతున్నారు. మాటలన్నీ ఆయనకు వినిపించాయి, మా ఇంట్లో గోడలు అంత మందం కాదు. "ఆ పలక ఇంటివాళ్లండీ. మీరొచ్చి ఆమె తప్పేమీ లేదని ఒక్క మాట చెబితే వింటారు" అన్నాను. నిజంగానే వినేవాడు. పట్నపు పెద్దమనిషి, పుస్తకాలు రాసే మనిషి, ఆయన వచ్చి తప్పు నాదని అంటే ఆ కోపం సగం ఆయన మీదికి పోయేది. ఆయన గ్లాసు దించలేదు. "నిద్రపోయానని చెప్పమ్మా" అన్నారు.

వెళ్లి అదే చెప్పాను. ఈ వయసులో నన్ను తినేది ఆ మాటే. అబద్ధం ఆయనదే అయినా మోసింది నేను.

తెల్లారేసరికి వదిన వాళ్ల గుమ్మం ముందు ఎద్దులబండి కట్టి ఉంది. పుల్లలచెరువు అవతల, నల్లమల అంచున వాళ్లకు మెట్టపొలం ఉంది. అక్కడ వాళ్ల పెద్దత్త ఒక్కతే ఉండేది. ఇక అక్కడే ఉండాలని తీర్పు. నేను బండి దగ్గరికి పరుగెత్తాను. బావగారు మొహం తిప్పుకున్నాడు కానీ అడ్డం రాలేదు. వదిన ఏడవడం లేదు. వంగి నా చెవిలో, "ఇంతకీ ఆయన నాదానికి ఏం చెప్పినాడు? ఆ గోలలో నాకు సరిగా వినపడలే" అంది.

"ఏమీ చెప్పలేదు వదినా" అన్నాను.

"అట్లనా" అంది. బండి కదిలింది.

ఆ మధ్యాహ్నమే నాయనా నేనూ రచయితగారిని రైలెక్కించడానికి స్టేషనుకు పోయాం. కంభంలో మర్నాడు సభ. ప్లాటుఫారం మీద నేను ఉండబట్టలేక అంతా చెప్పాను. పరీక్ష ఫారం, ట్రైనింగు, బండి, మెట్టపొలం. ఆయన శ్రద్ధగానే విన్నారు. వినడంలో ఎప్పుడూ లోపం లేదు. విని, "రథం కదిలేటప్పుడు చక్రాల కింద కొన్ని పూలు నలుగుతాయమ్మా" అన్నారు. తర్వాత, "ఆ చట్రం సంగతి మాత్రం అద్భుతం. ఎక్కడైనా వాడుకుంటాను" అన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఊరికే అనలేదు. రథం మీద కూర్చున్నది మీరు, నలిగింది మా వదిన, అని నాకు సమాధానం తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ పూట మాత్రం ఆయన పెట్టె నేనే లోపలికి అందించాను. మర్యాద అంత లోతుగా నేర్పారు నాకు.

వారం తిరగకముందే నా తరగతికి రావడం మిగతా ఏడుగురూ మానేశారు. ఎవరినీ తప్పుపట్టలేదు. తర్వాతి ఏడు మళ్లీ వస్తున్నానని ఆయన ఉత్తరం రాస్తే నాయన జవాబు రాయలేదు. నాకు తెలిసి నాయన చేసిన మర్యాద తప్పిన పని అదొక్కటే.

వాడుకుంటానన్నారు కదా, వాడుకున్నారు. రెండేళ్లకు ఆనందం మీద పుస్తకం వచ్చింది. అందులో ఒక అధ్యాయం మా ఊరు. పలక ఎత్తి చూపగానే తెర తొలగించుకుని ఒక ఇల్లాలు ధైర్యంగా ముందుకు వచ్చిందట. ఆయన పాదాలకు నమస్కరించిందట. జనంలో ఉన్న ఆమె భర్త కన్నీళ్లు పెట్టుకుని, ఇకనుంచి రోజుకో గంట నీ చదువుకే అని అందరి ఎదుటా మాట ఇచ్చాడట. పట్నంలో ఉన్న మనిషిని తెచ్చి మూడో వరసలో కూర్చోబెట్టారు. ఆ అధ్యాయాన్ని తర్వాత ఎన్నో సభల్లో ఎంతోమంది చదివి వినిపించారు. ఆ మరపురాని సాయంత్రం అని ఉత్తరంలో రాసింది దాని గురించే.

ఆయన పుస్తకాలన్నీ నేను చదివాను. కసితో చదివాను. వదిన అడిగినదానికి ఎక్కడైనా, ఏ మూలనైనా, ఒక్క వాక్యం జవాబు రాశారేమోనని వెతికాను. ఆనందం గురించి వందల పేజీలు రాసిన మనిషి. ఎక్కడా లేదు.

ఉత్తరం వచ్చిన నాలుగో రోజు బస్సెక్కి పుల్లలచెరువు పోయి, అక్కడి నుంచి ఒక ఆటో మాట్లాడుకుని వదిన ఊరికి పోయాను. మధ్యలో రెండు మూడుసార్లు చూశాను ఆమెను, పెళ్లిళ్లలో. ఇప్పుడు డెబ్భై దాటాయి. మడమలు బీటలు వారిన కాళ్లు చాపుకుని వసారాలో కందులు చెరుగుతోంది. వాళ్లాయన పోయి ఆరేళ్లు. ఇద్దరు కొడుకులు, మనవలు. నీళ్లు ఇప్పటికీ దూరమే, ట్యాంకరు వచ్చిన రోజు వస్తుంది. నన్ను చూసి, "పంతులమ్మా, ఎంత ముసలిదానివైనావే" అంది.

"నువ్వు మాత్రం పడుచుదానివి" అన్నాను. నవ్వింది.

రచయితగారు పోయారని చెప్పాను. "అయ్యో, ఏం రోగం?" అంది. నా మీద నాకే సిగ్గేసింది, ఇన్నేళ్లలో ఆ మనిషి కోసం నా నోట ఒక్క అయ్యో రాలేదు. పుస్తకం తీసి ఆ అధ్యాయం చదివి వినిపించాను. చేట పక్కన పెట్టి విన్నది. భర్త కన్నీళ్ల దగ్గర ఆపమంది.

"మా ఇంటాయన ఏడ్చినాడా? నలభై ఏండ్లు కాపురం చేసినా, నేనైతే చూల్లేదు." నవ్వుతూనే అంది కానీ, చేట మళ్లీ అందుకోవడానికి చాలాసేపు పట్టింది. "వచ్చినాక తెలిసింది ఆయనకు. ఇక్కడికే వచ్చినాడు, తిన్నగా. ఆ పొద్దు సంగతి ఇప్పుడొద్దులే."

పుస్తకం మూసి, గుంటూరు ఉత్తరం బయటికి తీశాను. అది చూపించి అడిగాను, "వదినా, వాళ్లు నన్ను రాయమంటున్నారు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, లేదా ఉత్తరం చింపి పారేస్తాను. నీ ఇష్టం. నువ్వు వద్దంటే ఒక్క ముక్క రాయను."

"రాయి. నేనేం ఇంకా ఎవురికి భయపడాల?"

"ఆయన పేరు కూడా రాసేస్తాను."

"ఆయన పేరెందుకే? ఆయన పుస్తకాల మీద రాసే ఉంటది గదా. మళ్లా నువ్వు రాసేదేంది." ఒక గుప్పెడు కందులు చేటలో పోసుకుని, చెరగకుండా అట్లాగే పట్టుకుని కూర్చుంది. "నా పేరు రాయి. ఆ పొద్దు ఊరంతా మా కొట్టం తీగెను గుర్తుపట్టినారు. ఫలానోళ్ల కోడలన్నారు, ఫలానోని పెండ్లామన్నారు. అడిగిందానికి జవాబు చెప్పకపోతే పోనీ, అడిగిందెవురని ఆయన గూడా అడగలే. ఆ పుస్తకంలో ఏముంది, ఒక ఇల్లాలు అనేగదా ఉండేది?"

అవునన్నాను.

"మరి ఇంకేంది. రాయి."

సంచికవారికి విన్నపం. మీరు చెప్పిన రెండు పేజీలు ఎప్పుడో దాటాయి. తీపి లేదని వేయకపోయినా నాకు బాధ లేదు. వేసేట్టయితే మాత్రం ఎక్కడ కోసినా కోయండి, ఈ ఒక్కటి కోయవద్దు. ఆ పలక మీద ఆ ప్రశ్న రాసిన మనిషి పేరు చెన్నమ్మ.